పాయింట్లని గంటల్లోకి మార్చమంటే ఒప్పుకోకండి

సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఒక్కో స్టోరీకి, అంటే చేయాల్సిన ఒక్కో పనికి, అంచనాగా వేసే స్టోరీ పాయింట్ ఒకటి అంటే ఎనిమిది గంటలని మీ మేనేజర్ లెక్క కట్టారు, పైగా స్ప్రింట్ స్ప్రింట్‌కీ (కొన్ని వారాల పని విడతకి స్ప్రింట్ అని పేరు) వెలాసిటీ, అంటే ఒక స్ప్రింట్‌లో పూర్తయ్యే పాయింట్ల మొత్తం, పెరగాలంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు కదా. ఆ రెండూ ఒప్పుకోవద్దనే నేను చెప్తాను.

పాయింట్ చెప్పేది ఈ పని ఆ పనికంటే ఎంత పెద్దది అని మాత్రమే. అదే స్టోరీ పాత కోడ్ తెలిసినవాళ్లకి రెండు రోజుల పని, కొత్తగా చేరినవాళ్లకి వారం పని, కాబట్టి గంటలు రాయగానే అది ఎవరో ఒకరి మెడకి చుట్టుకుంటుంది. ఇక వెలాసిటీ పెంచమని ఒత్తిడి పెడితే పెరుగుతుంది, ఎందుకు పెరగదు, మొన్న 3 అన్న పనిని ఇవాళ 5 అంటారు. నేను పనిచేసిన ఒక టీమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు, మాట పడతామన్న భయంతో అందరూ కాస్త కాస్త పెంచుకుంటూ పోయారు, చివరికి ఆ అంకెలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

అంచనాల వల్ల అసలు లాభం అంకెలు కలవనప్పుడే. 2002లో జేమ్స్ గ్రెనింగ్ రాసిన ప్లానింగ్ పోకర్ అనే అంచనా పద్ధతిలో అందరూ తమ అంకె ఉన్న కార్డుని ఒకేసారి చూపించేది అందుకే, సీనియర్ ముందే ఒక అంకె అనేస్తే మిగతావాళ్లు అటే జారిపోతారు. ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకునే స్టోరీకి మా డెవలపర్లంతా 3 చూపిస్తే టెస్టర్ ఒక్కరే 13 చూపించారు. ఎందుకండీ అంటే, "పాత రికార్డుల్లో ఒకే ఫోన్ నంబర్ మీద ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉన్నారు, ఓటీపీ వస్తే ఎవరి పాస్‌వర్డ్ మారుతుంది?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. స్టోరీని అక్కడికక్కడే రెండు ముక్కలు చేశాం. సగటు తీసి 5 రాసుకుని ఉంటే ఆ సంగతి స్ప్రింట్ చివర్లో బయటపడేది, అందుకే దయచేసి సగటు తీయకండి, ఎక్కువ చెప్పినవాళ్లనీ తక్కువ చెప్పినవాళ్లనీ మాట్లాడనివ్వండి.

మేనేజర్‌కి తేదీ కావాలి, అది న్యాయమైన అవసరమే. ఒకే తేదీ కాకుండా పరిధి ఇవ్వండి. గత స్ప్రింట్లలో 21, 26, 18 పాయింట్లు పూర్తయితే వచ్చే స్ప్రింట్‌కి 18 నుంచి 26 మధ్య అనండి, 26 అని మాటివ్వకండి. స్టోరీలు ఇంచుమించు ఒకే సైజులో ఉంటే పాయింట్లు వదిలేసి, స్ప్రింట్‌కి ఎన్ని పూర్తవుతున్నాయో లెక్కపెట్టుకున్నా సరిపోతుంది. అసలు ఏం చేయాలో ఎవరికీ తెలియని పనికి అంకె వేయకుండా, ముందు ఒకటి రెండు రోజులు స్పైక్, అంటే ఆ పని సంగతి తెలుసుకోవడానికే చేసే చిన్న ప్రయోగం, పెట్టుకోండి.

ఇంకో మాట, స్క్రమ్‌లో (స్ప్రింట్లుగా పనిచేసే ఈ పద్ధతి పేరు అదే) ఇలాగే ఉందని ఎవరైనా వాదిస్తే దాని నియమాలు రాసిన 2020 స్క్రమ్ గైడ్ తీసి చూపించండి, అందులో స్టోరీ పాయింట్లు, వెలాసిటీ అనే మాటలే లేవు.