సముద్రపు కోర్ మట్టిని హనుమకొండ బోరు నీళ్లతో కడగవచ్చా?

మీ ప్రశ్న ఇది: గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగులోకి గొట్టం దింపి పొరలవారీగా తీసిన కోర్ మట్టి 10 గ్రాముల చొప్పున వచ్చింది. అందులోంచి ఫోరామినిఫెరా అనే ఏకకణ సముద్ర జీవుల సన్నటి గుల్లలు ఏరాలి. కాలేజీ బోరు నీళ్లు పనికొస్తాయా?

రావు. మన దిక్కు బోరు నీళ్లు పట్టిన బకెట్ అంచుకు తెల్లటి పొర కడుతుంది కదా, అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. గుల్ల కూడా అదే పదార్థం. ఆ పొర గుల్ల మీద ఎండితే ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) లెక్కలోకి మీ బోరు కూడా ఎక్కుతుంది. అట్లని డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నానబెట్టినా నష్టమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆ నీళ్లు కొద్దిగా ఆమ్లమవుతాయి, పలుచటి గుల్లలు ముందు కరుగుతాయి. కొంచెం అమ్మోనియా కలిపి పీహెచ్ 8 దగ్గర ఉంచండి.

కడిగే ముందు ఆరబెట్టి తూకం రాసుకోండి. గోదావరి దక్కన్ బసాల్ట్ నేలల నుంచి మోసుకొచ్చే బంకమట్టిలో స్మెక్టైట్ అనే, తడిస్తే ఉబ్బే ఖనిజం బాగా ఉంటుంది. పత్తి చేన్ల నల్లరేగడిలో ఉండేదీ ఇదే. వానాకాలం చెప్పులకు ఎట్లా పట్టుకుంటదో, గుల్లల గదుల్లో కూడా అట్లనే పట్టుకుంటది. ఒవెన్‌లో ఎండితే పెంకులా బిగుస్తుంది. ఫ్రీజ్ డ్రయర్ (గడ్డకట్టించి తడి లాగే యంత్రం) దొరికితే సగం బాధ తప్పినట్టే. లేకుంటే 50 డిగ్రీలు దాటనివ్వకండి.

రాత్రంతా నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ మీద సన్నటి ధారతో కడగండి, కింది నీళ్లు తేటగా వచ్చేదాకా. వేలితో రుద్దితే గుల్లలు పగులుతాయి. మట్టి విడకపోతే ఇంకో పూట నాననివ్వండి, హైడ్రోజన్ పెరాక్సైడ్ జోలికి మాత్రం పోకండి, గుల్లను తినే ప్రమాదం ఉంది. ఒక శాంపిల్ అయినాక జల్లెడను మిథిలీన్ బ్లూలో ముంచి కడగండి. కన్నాల్లో ఇరుక్కున్న పాత గుల్ల తర్వాతి శాంపిల్‌లో పడితే నీలంగా కనిపిస్తుంది, తీసి పారేయొచ్చు. ఈ ఒక్క పని వదిలేస్తే వేల ఏళ్ల తేడా ఉన్న పొరలు కలిసిపోతాయి, మీకు తెలియను కూడా తెలియదు.

జాతుల లెక్కకైతే 150 మైక్రాన్ల పైది తీసుకుని, స్ప్లిటర్‌తో (శాంపిల్‌ను సమంగా పంచే పరికరంతో) సగం సగం చేస్తూ 300 గుల్లల దగ్గరికి తేవాలి. ఐసోటోపులకు గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే ఫోరామినిఫెరా జాతిలో తెల్ల రకం, 250–355 మైక్రాన్ల మధ్యవి, 20 దాకా చాలు. 000 నంబరు సన్న కుంచె కొన తడిపి ఒక్కొక్కటే ఎత్తండి. తడి ఎక్కువైతే గుల్ల కుంచెకే అంటుకుని కిందికి దిగదు.

ఆక్సిజన్ ఐసోటోపు విలువ (బరువైన ఆక్సిజన్ పాలు) తగ్గితే వెంటనే సముద్రం వేడెక్కిందని రాయకండి. డిగ్రీ వేడికి తగ్గేది సుమారు 0.2 పెర్ మిల్ (వెయ్యింట 0.2 వంతు) మాత్రమే, నది మంచినీళ్లు కలిసినా అటే తగ్గుతుంది. రెంటినీ విడదీయడానికి అదే జాతి గుల్లల్లో మెగ్నీషియం–కాల్షియం నిష్పత్తి చూస్తారు, డిగ్రీకి దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఇక్కడే మళ్లీ ఆ బంకమట్టి అడ్డొస్తుంది, దానిలో మెగ్నీషియం ఎక్కువ. ఫలితంతో పాటు అల్యూమినియం విలువ కూడా అడగండి. అది కూడా ఎక్కువ ఉంటే మీరు కొలిచింది ఉష్ణోగ్రతను కాదు, గదుల్లో మిగిలిన రేగడిని.