తెరపై 2.40, దస్తావేజులో 2.04

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. 2024 ఫిబ్రవరిలో 2 ఎకరాల 40 సెంట్ల చేను కొన్నాను. దస్తావేజు టైపు చేస్తుంటే పక్కనే ఉన్నాను. తెరపై 2.40 అనే కనిపించింది, ఫోన్లో ఫోటో కూడా తీశాను. ప్రింటులో 2.04 పడింది. ఆగస్టులో పాస్‌బుక్కు వచ్చాకే తెలిసింది. వర్డ్‌లో స్క్రీన్ సమస్య అంటాడు ఆపరేటరు, ఆ ఒక్క పేజీ మార్చి కుట్టిస్తానంటున్నాడు. అమ్మినాయన సవరణకు 2 లక్షలు అడుగుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీపై కేసు వేయొచ్చా?

జవాబు: కంపెనీ సంగతి వదిలేయండి. గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మ చూపే ప్రోగ్రాం) సరిగా లేని కంప్యూటర్లలో ఒక్కోసారి వర్డ్ తెర వెంటనే మారదు, స్క్రోల్ చేసేదాకా పాత అంకెలే కనిపిస్తాయి. ప్రింటు మాత్రం ఫైల్లో ఉన్నదే ఇస్తుంది. మీరు సంతకం పెట్టింది ఆ కాగితం మీద. ఆదోని యార్డులో పత్తి అమ్మితే తూకం చీటీ రెండుసార్లు చూసుకోరా? లక్షలు పోసి కొన్న చేనుకు షెడ్యూలు (దస్తావేజులో ఆస్తి వివరాలుండే భాగం) చదవకుండా సంతకాలు పెట్టడం మీ అజాగ్రత్తే. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

కేసు తేలేది ఒక్క విషయం మీద: మీరిద్దరూ 2.40కే బేరం కుదుర్చుకున్నారా? ఇద్దరి పొరపాటు వల్ల అసలు ఒప్పందం రాతలోకి రాకపోతే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 26వ సెక్షన్ కింద కోర్టు దస్తావేజును సవరించగలదు. రాతకు విరుద్ధంగా సాక్ష్యం చెల్లదనే అభ్యంతరం వస్తుంది. పొరపాటు రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమం 95వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది.

మీరు పంపిన జిరాక్సులో మీరు గమనించని లైను ఒకటుంది: ఎకరా 8 లక్షల చొప్పున 19,20,000. భూమి 2.04 అయితే 16,32,000 కావాలి. రాసిన సొమ్ము 2.40కే సరిపోతుంది. మీ ఫోటో కంటే ఇది గట్టి సాక్ష్యం. నాలుగు హద్దులూ మొత్తం చేనుకే ఉన్నాయి. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, అమ్మినాయన పాత 1బి (రెవెన్యూ భూమి రికార్డు) తీసి పెట్టుకోండి. ఫోటోను ఫోన్లోంచి చెరపొద్దు, అది కోర్టుకెక్కాలంటే అదే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి.

పేజీ మార్పించే పని మాత్రం ససేమిరా వద్దు. స్కాన్ కాపీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది. నకలు తీసిన రోజే గుట్టు బయటపడుతుంది, నష్టపోయిన మీరే ముద్దాయి అవుతారు. ఆస్తి దస్తావేజు ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. మీ అంతట మీరు పెన్నుతో అంకె దిద్దినా ప్రమాదమే.

గడువు 3 ఏళ్లు. లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పొరపాటు తెలిసిన రోజు నుంచి లెక్క. అయితే తగిన శ్రద్ధ పెడితే ముందే తెలిసేదనుకుంటే అప్పటి నుంచే లెక్కేస్తారు. కాబట్టి ఆగస్టును నమ్ముకోకుండా, రిజిస్ట్రేషన్ జరిగి 3 ఏళ్లు నిండే 2027 ఫిబ్రవరి తేదీకి ముందే దావా వేయాలి. అంతకంటే తొందరైనది ఇంకొకటి. దస్తావేజులో తగ్గిన 36 సెంట్లు ఇంకా అమ్మినాయన పేరునే ఉన్నాయి. సంగతి తెలియని మనిషి డబ్బిచ్చి కొంటే, అతని హక్కుకు భంగం కలిగేలా కోర్టు సవరణ ఇవ్వదు.

2 లక్షలు ఇవ్వకండి. ఈ వారమే లాయరు నోటీసు పంపించి, సవరణ దస్తావేజు రాసివ్వడానికి 15 రోజులు గడువివ్వండి. వస్తే ఇద్దరూ వెళ్లి అదే ఆఫీసులో రిజిస్టరు చేయించుకోండి. రాకపోతే ఆ 36 సెంట్లు అమ్మకుండా ఇంజంక్షన్‌తో కలిపి దావా వేయండి. ప్లెయింట్‌లో (దావా పత్రంలో) సవరణ కావాలని విడిగా, స్పష్టంగా అడగాలి. అడగకపోతే ఆ ఉపశమనం ఇవ్వకూడదని 26వ సెక్షనే చెబుతోంది.