వయల్ మూత తీసే ముందు

హబ్సిగూడ,
హైదరాబాద్

బుజ్జీ,

"సబ్‌స్టెన్స్ పీ వచ్చేసింది పెద్దమ్మా, రేపే కలిపేస్తా" అని నిన్న నువ్వు అన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని వదిలేస్తావు, అందుకే రాస్తున్నా. వయల్‌ను ఇంకో రెండు రోజులు మీ ల్యాబ్ ఫ్రీజర్లోనే ఉండనివ్వు. నరాల మధ్య నొప్పి కబురు మోసే పెప్టైడ్ అది, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, తేలిగ్గా పాడవుతుంది.

ముందు దాంతోపాటు వచ్చిన అనాలిసిస్ సర్టిఫికెట్ చదువు. ప్యూరిటీ 95 శాతం అని చూసి సంబరపడిపోకు. సోనామసూరి బస్తా మీద 95 శాతం అని రాస్తే వేరే రకం బియ్యం పెద్దగా కలవలేదని అర్థం. బస్తాలో తేమెంత, తవుడెంత అన్నది వేరే సంగతి. పెప్టైడ్ పొడీ అంతే. నీ సబ్‌స్టెన్స్ పీలో ఉన్నవి 11 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 1348. అందులో అర్జినైన్, లైసిన్, మొదటి కొస, ఈ మూడు చోట్లా ప్లస్ ఛార్జి ఉంటుంది. శుద్ధి చేసేటప్పుడు వాడిన టీఎఫ్ఏ అనే ఆమ్లం ఆ మూడింటినీ పట్టుకుని పొడిలోనే ఉండిపోతుంది. ఒక్కోటి 114 చొప్పున 342. అంటే నీళ్ల బరువు తీయకముందే పెప్టైడ్ వాటా 80 శాతానికి దిగింది. వయల్ మీద ఉన్న 5 మిల్లీగ్రాములు మొత్తం పొడి బరువైతే, ఆ 80 శాతంలోనూ 95 శాతమే అసలుది కాబట్టి, నీ చేతిలో నిజంగా ఉన్నది 3.8కి మించదు. ఈ లెక్క వేయకుండా కలిపితే ప్రతి డోసూ తక్కువే పడుతుంది, పైగా అన్నీ ఒకే తీరుగా తగ్గుతాయి కాబట్టి గ్రాఫ్ చూసి ఎవరూ పట్టుకోలేరు.

ఇక మూత తీయడం. నా పరువు పోయిన కథ ఇది. నేను చేరిన కొత్తలో, జులై ముసురులో, ఫ్రీజర్లోంచి తీసిన వయల్‌ను తీసినట్టే తెరిచాను. లోపలి పొడి, వానాకాలం జాడీలో ఉప్పులా చెమ్మగిల్లి గోడకు అంటుకుపోయింది. దాన్నే తూచాను! తూచింది పెప్టైడా, హైదరాబాద్ గాలిలో తేమా? మూడు నెలల ర్యాట్ ప్రయోగాలు రెండోసారి చేస్తే ఒక్కటీ కలవలేదు. నువ్వు మాత్రం మూత బిగించి ఉండగానే సిలికా జెల్ ఉన్న డెసికేటర్లో పెట్టి, గంటసేపు గది వేడికి రానివ్వు. ఆ గంటలో టీ తాగిరా.

డీఎంఎస్‌ఓలో (అదో ద్రావకం) కరగబెట్టమని పక్క బెంచీ వాళ్ళు చెబుతారు. వినకు. దీని చివర మెథియోనిన్ ఉంది, డీఎంఎస్‌ఓ దాన్ని ఆక్సీకరణ చేస్తుంది. అణువు బరువు తూచే మాస్ స్పెక్‌లో బరువు 16 పెరిగి కనిపిస్తే జరిగింది అదే. స్టాక్‌ను చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడు. మిగిలింది మళ్ళీ గడ్డకట్టించకు, పారెయ్. మనసొప్పదు, తెలుసు. నానోమోలార్‌కి పలచన చేసేటప్పుడు లో బైండ్ ట్యూబులు వాడు, లేకపోతే సగం మందు ప్లాస్టిక్ గోడకే అంటుకుంటుంది.

కంట్రోల్ అంటే ఉత్త సెలైన్ అనుకోకు. అవే 11 అమైనో ఆమ్లాలను వేరే వరసలో పేర్చిన పెప్టైడ్ ఒకటి ఆర్డర్ పెట్టించు. సబ్‌స్టెన్స్ పీ ఎన్‌కే1 రిసెప్టర్ (కణం మీద అది మామూలుగా అతుక్కునే చోటు) మీదే కాదు, డోసు పెరిగితే అలర్జీలో పనిచేసే మాస్ట్ కణాల మీద ఉన్న వేరే రిసెప్టర్‌నీ తట్టి దురద పుట్టించే హిస్టమిన్ విడుదల చేయిస్తుంది. ర్యాట్ గోక్కుంటోందంటే మెదడులోనే ఏదో జరిగిందని రాసేయకు.

ఎన్‌కే1 బ్లాకర్ (ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే మందు) కొనే ముందు ఏ జంతువు మీద వాడతావో తేల్చుకో. మనిషి రిసెప్టర్‌కు గట్టిగా అతుక్కునే బ్లాకర్లు చాలావాటికి ర్యాట్, మౌస్ రిసెప్టర్లతో అంత పొత్తు కుదరదు. గినీ పందిది మన దానికి దగ్గర. 1998లో ఈ బ్లాకర్లు డిప్రెషన్‌కు పనిచేస్తాయని పెద్ద ఆశ పుట్టింది, తర్వాతి పెద్ద ట్రయల్స్‌లో అది నిలవలేదు. అప్పుడు ఆశ పుట్టించిన మందే 2003లో కీమో వాంతులు ఆపడానికి అప్రెపిటెంట్‌గా వచ్చింది. జంతువు మారినా, డోసు మారినా ఎథిక్స్ కమిటీకి ముందే రాయి, తర్వాత చెబుదాంలే అనుకోకు.

అన్నట్టు, మీ బాబాయి ఫోన్ చేశాడు. సెమాక్స్ అని ఏదో రష్యా పెప్టైడ్ ఉందట, జ్ఞాపకశక్తికి మంచిదట, నీట్ రాసే చిన్నోడికి మీ ల్యాబ్‌లో దొరుకుతుందా అని. దొరకదని చెప్పాను. నిన్ను అడిగినా అదే చెప్పు. పరిశోధనకు మాత్రమే అని రాసిన పొడిని స్టెరైల్ అని గానీ, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) లేదని గానీ ఎవరూ పూచీ పడరు. వాడికి కావాల్సింది కంటినిండా నిద్ర.

ఆదివారం ఇటొస్తే నీ లెక్కల నోట్‌బుక్ తెచ్చుకో, కలిపే ముందు ఇద్దరం ఒకసారి చూద్దాం. వయల్ మాత్రం తేకు.

మీ పెద్దమ్మ