పగటి ట్రెక్‌కి ఫోన్ లైటు చాలదా?

ఉదయం ఎక్కి సాయంత్రానికి దిగిపోయే ట్రెక్‌కి ఫోన్ లైటు చాలదా అన్నారు. చాలదండీ. సిగ్నల్ వెతుక్కోవడానికే సగం ఛార్జింగ్ అయిపోతుంది, చలికి బ్యాటరీ ఇంకా త్వరగా పడిపోతుంది. పైగా ఒక చెయ్యి ఫోన్‌కే పోతే రాళ్ల మీద పట్టు దొరకదు. తలకు కట్టుకునే లైటు (హెడ్‌ల్యాంప్), విడి బ్యాటరీలు పెట్టుకోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో, ఒంటికి ఆనేలా లోపలి జేబులో ఉండాలి.

చీకట్లో కాలు బెణికిందనుకోండి, స్ట్రెచర్ మొయ్యడానికే ఒక్కో విడతకు ఆరుగురు కావాలి, అలిసిపోతే మార్చడానికి ఇంకో జట్టు. అలా కాపాడటానికి వచ్చేవాళ్లు చాలాచోట్ల జీతం లేకుండా, నిద్ర మానుకుని వచ్చే వాలంటీర్లే.

వెళ్లే దారి, తిరిగొచ్చే టైము ఇంట్లో రాసిచ్చి వెళ్లండి. అది తెలియకపోతే కొండంతా గాలించాలి. తప్పిపోతే ఉన్నచోటే ఆగండి. నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి.