తీరం దాటి బలహీనపడ్డ తుఫానుకు మన వరంగల్ ఎందుకు మునుగుతుంది?

సముద్రం మనకు రెండొందల కిలోమీటర్ల పైమాటే, తీరం దాటగానే తుఫాను బలహీనపడిందని టీవీలో చెబుతారు, మరి హనుమకొండలో ఇళ్లెందుకు మునిగాయని చాలామంది అడుగుతారు. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను వచ్చినప్పుడు ఆ టీవీ మాట నమ్మి మా ఇంట్లో దెబ్బతిన్నాం.

బలహీనపడేది గాలి, వాన కాదు. బంగాళాఖాతంలో పైనీరు 26, 27 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆవిరి బాగా లేస్తుంది. అది పైన మేఘంగా మారేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేచి, కింద ఒత్తిడి తగ్గి, చుట్టుపక్కల తేమగాలి అక్కడికి ఉరుకుతుంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నేరుగా రాలేక సుడి తిరుగుతుంది. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుఫాను అంటారు. నేల మీదికొచ్చాక కింద నుంచి ఆవిరి అందక జోరు తగ్గుతుంది. కానీ మోసుకొచ్చిన తేమంతా మన నెత్తినే పడుతుంది.

మొంథా 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఊరు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి పక్కనే. బాపు కల్లంలో వడ్లు కుప్ప చేసి పట్టా కప్పాడు. గాలి లేదు, పట్టా లేవదని ధీమా. 29న ఆ మండలంలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఏడాది వానలో మూడో వంతు పైనే! నీళ్లు పట్టా మీద నుంచి కాదు, కింద నుంచి వచ్చాయి. మూడో రోజు కుప్పలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. గుప్పెడు తీస్తే గింజగింజకూ తెల్లటి మొలక. బాపు ఆ గుప్పెడు చాలాసేపు కింద పడేయలేదు.

వరంగల్ నగరంలో సంగతి వేరు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండితే నీళ్లు కిందిదానికి పోవాలి. ఆ దారుల్లో ఇప్పుడు కాలనీలున్నాయి. హంటర్ రోడ్డు వైపు వాళ్లను అడగండి, ప్రతిసారీ వాళ్లకే టెన్షన్.

అసలు తుఫానే రానక్కర్లేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లు పడింది, అది అల్పపీడనం వానే.

అందుకే తీరం దాటిందనగానే ఊపిరి పీల్చుకోకండి, మనకు ఆ తర్వాతి రోజే ముఖ్యం. గాలి వేగం కాదు, మన జిల్లాకు రెడ్ అలర్ట్, అంటే అతి భారీ వానల హెచ్చరిక, ఉందా చూడండి. వడ్లు ఎత్తైన చోటికి మార్చి, కుప్ప చుట్టూ కాలువ తీశాకే పట్టా కప్పండి. కోయని వరి ఉంటే కోతకు రెండు రోజులు ఆగండి.