పూతల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసింది. అల్యూమినియం డోప్ చేసిన (కొద్ది మోతాదులో కలిపిన) జింక్ ఆక్సైడ్ పొరల విద్యుత్, కాంతి ధర్మాలపై పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఏళ్ల తరబడి గాజు మీద పూతలు పూస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా? దానికన్నా ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు నయం కాదా? రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ జింక్ ఆక్సైడ్ గురించి కాదండీ. తోటివాళ్లంతా జీతాలు తెచ్చుకుంటుంటే మన పిల్ల ఇంకా చదువుతూనే ఉందన్న బెంగ. అది సహజమే. కానీ ఆ బెంగతో ఒక మంచి సబ్జెక్టును 'పూతలు పూయడం' అని తీసిపారేయకండి.

వెలుగును తమ గుండా పోనిచ్చే పదార్థాలు మామూలుగా కరెంటును మోయవు, మోసే లోహాలు వెలుగును ఆపేస్తాయి. రెండూ ఒకే పొరలో సాధించడమే ఇక్కడి పని. టచ్ స్క్రీన్లలో ఎక్కువగా వాడేది టిన్ కలిపిన ఇండియం ఆక్సైడ్. ఇండియం అరుదు, అదీ ప్రధానంగా జింక్ శుద్ధిలో ఉప ఉత్పత్తిగా దొరుకుతుంది. అందుకే జింక్ ఆక్సైడ్ మీద ఇంత ఆసక్తి. దాని బ్యాండ్ గ్యాప్, అంటే లోపల కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావాల్సిన శక్తి, సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు. కంటికి కనిపించే వెలుగుకు అంత శక్తి ఉండదు కాబట్టి అది పొర గుండా దాటిపోతుంది. అల్యూమినియం కలిపితే ఎలక్ట్రాన్లు పెరిగి నిరోధం తగ్గుతుంది. హద్దు దాటితే అదనపు అల్యూమినియం రేణువుల అంచుల్లో పేరుకుని నిరోధం మళ్లీ పెరుగుతుంది. ఎలక్ట్రాన్లు మరీ ఎక్కువైతే పరారుణ కాంతి లోపలికి రాదు. కొన్ని సోలార్ సెల్స్‌కు అది నష్టం, వేడిని ఆపాల్సిన కిటికీ అద్దానికి అదే లాభం.

నా అనుమానం వేరే చోట ఉంది. ఈ రంగంలో డోపింగ్ ఒక శాతం, రెండు శాతం, మూడు శాతం అని మారుస్తూ, అవే గ్రాఫులు గీసి పేపర్లు వేసేవాళ్లు చాలామంది. మీ అమ్మాయి థీసిస్ కూడా అంతే అయితే నాకూ దిగులే. ల్యాబ్‌లో హాల్ ఎఫెక్ట్ (అయస్కాంతం సాయంతో ఎలక్ట్రాన్లు ఎన్ని, ఎంత చురుగ్గా కదులుతున్నాయో విడివిడిగా చెప్పే కొలత) కొలిచే వసతి ఉందా? ఫోర్ ప్రోబ్ (నాలుగు సూదులతో నిరోధం కొలిచే పరికరం) ఒక్కటే ఉంటే నిరోధం తగ్గిందని తెలుస్తుంది. ఎలక్ట్రాన్లు పెరిగి తగ్గిందా, అవి చురుగ్గా కదిలి తగ్గిందా అన్నది మాత్రం తేలదు. ఆ పొరతో సెన్సరో, సెల్లో తయారు చేయిస్తారా? సీనియర్లు ఎక్కడ స్థిరపడ్డారు?

ఇక డేటా సైన్స్. ఆ రంగం చెడ్డదని నేననను, ఆరు నెలల సర్టిఫికెట్ మీదే నాకు నమ్మకం లేదు. ఒకే బ్యాచ్‌లో అందరి రెజ్యూమెలోనూ అవే ప్రాజెక్టులు కనిపిస్తాయి. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉన్నవాళ్లు నిలబడతారు, మిగిలినవాళ్లు ఇంకో కోర్సు వెతుక్కుంటారు. కొలతల్లోని నాయిస్‌ను విడదీసి, గ్రాఫు ఎందుకు వంగిందో ఆలోచించే అమ్మాయి ల్యాబ్‌లో ఉంటూనే పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోగలదు. గాలి తీసేసి పూతలు పూసే వాక్యూమ్ చాంబర్‌తో కుస్తీ పట్టడం ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ రాదు. డిస్‌ప్లేలు, సోలార్ సెల్స్, చిప్పులు, పూత పూసిన అద్దాలు తయారుచేసే చోట అడిగేది ఆ పనితనమే. జీతం ఆలస్యంగా మొదలవుతుంది, అది మాత్రం నిజం.

ఒక మాట కటువుగానే అంటున్నాను, ఏమనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయికి ఏది ఇష్టమో అందులో ఒక్క ముక్క లేదు. ఎమ్మెస్సీ దాకా చదివిన పిల్ల తరఫున మీరు ఉత్తరం రాయడమేంటండీ? చేరేముందు ఒకరోజు ఆ ల్యాబ్‌కు వెళ్లి, గైడ్ లేనప్పుడు సీనియర్లతో మాట్లాడి రమ్మనండి. మీరు వెంట వెళ్లకండి.