చిన్నప్పటి చెవుడు పేరుతో ఇప్పటి క్లెయిమ్ ఆపొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా భార్యకు చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఎడమ చెవి వినికిడి పోయింది. తర్వాత ముప్పై ఏళ్లు ఏ మందూ వాడలేదు. 2023లో హెల్త్ పాలసీ తీసుకున్నాం. ఈమధ్య ఉన్నట్టుండి గిర్రున కళ్లు తిరిగి, వాంతులై హాస్పిటల్లో చేరింది. పాత చెవుడు వల్లే లోపలి చెవిలో ఈ సమస్య వచ్చిందని డాక్టర్లు అన్నారు. చెవుడు సంగతి దాచామంటూ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఏం చేయాలి?

జవాబు: ఆ లెటర్ చూసి వదిలేయకండి. చెవుడు పాతది, కళ్లు తిరగడం కొత్తది. కంపెనీ ఈ రెండింటినీ కలిపేసింది. ఇలా కళ్లు తిరిగే సమస్యను డాక్టర్లు డిలేయ్‌డ్ ఎండోలింఫాటిక్ హైడ్రాప్స్ అంటారు. వినికిడి పోయిన ఏళ్లకు, ఒక్కోసారి దశాబ్దాలకు, లోపలి చెవిలో ద్రవం ఎక్కువై ఇలా తిప్పడం మొదలవుతుంది. చెవుడు ఉన్న అందరికీ రాదు. పాలసీ తీసుకున్న రోజున ఇది వస్తుందని మీకు తెలిసే అవకాశమే లేదు.

పాలసీకి ముందు 36 నెలల్లోపు డాక్టర్ గుర్తించిన లేదా చికిత్స జరిగిన జబ్బునే ‘ముందునుంచే ఉన్న జబ్బు’ అంటారు. 2024కు ముందు ఈ గడువు 48 నెలలు. ఏది లెక్కేసినా ముప్పై ఏళ్ల కిందటి గవదబిళ్లలు అందులోకి రావు.

అయితే ‘దాచారు’ అన్నది వేరే ఆరోపణ, అసలు చిక్కు అక్కడే. పాలసీ తీసుకునేటప్పుడు నింపి ఇచ్చిన ప్రపోజల్ ఫారం కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చెవి జబ్బు, వైకల్యం గురించి సూటిగా అడిగిన చోట ‘లేదు’ అని ఉంటే మీ కేసు కొంత బలహీనపడుతుంది. అలాంటి ప్రశ్నే లేకపోతే చెప్పలేదని నిందించడం కష్టం. దాచారని నిరూపించాల్సింది కంపెనీయే. మన దగ్గర చాలా ఫారాలు ఏజెంట్లే నింపి సంతకం పెట్టించుకుంటారు. మీకూ అలాగే జరిగి ఉంటే ఆ మాట ఫిర్యాదులో రాయండి.

డిశ్చార్జ్ సమ్మరీ కూడా మళ్లీ చదవండి. ‘చిన్నప్పటి నుంచి సమస్య’ అని ఒకే ముక్క రాసి ఉంటే కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. చెవుడు ఎప్పటిది, కళ్లు తిరగడం మొదటిసారి ఏ నెలలో వచ్చింది అని ఈఎన్‌టీ డాక్టర్‌తో విడివిడిగా లెటర్ రాయించండి, వినికిడి పరీక్ష రిపోర్టు జత చేయండి. చెవుడు సంగతి తీసేయమని మాత్రం అడగకండి. అది నిజం, పైగా మీ వాదన నిలబడేది దానిమీదే.

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అక్కడ న్యాయం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. తిరస్కరించిన తేదీ నుంచి రెండేళ్ల గడువు. మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడుందో వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

ఈలోగా ప్రీమియం ఆపకండి. వరుసగా 60 నెలలు నిండితే, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. 2023కు ముందు వేరే కంపెనీలో పాలసీ ఉండి దాన్ని ఈ కంపెనీకి మార్చుకొని (పోర్ట్ చేసుకొని) ఉంటే ఆ నెలలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ పాత కాగితాలు వెతికి పెట్టుకోండి.